పచ్చ అంటే ఏ పచ్చ?

పసుపు ఏ రంగు? పచ్చన. వరిచేను ఏ రంగు? అదీ పచ్చనే. కామెర్లు వచ్చినవాడి కళ్ళు పచ్చన, చిలక రెక్కలు పచ్చన. మనకిందులో తికమక ఏమీ లేదు. ఎక్కడ ఏ పచ్చో బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్నాం కనుక ఇట్టే పోల్చుకుంటాం. మరి నిన్నగాక మొన్న మాటలు నేర్చిన పసివాడి సంగతేమిటి?

మూడేళ్ళు నిండిన మా మనవణ్ణి బడిలో చేర్చడానికి తీసుకువెళ్తే, అక్కడి పంతులమ్మ ఒక పసుపుపచ్చ బిళ్ళ చూపి ఇదేం రంగని అడిగింది. వాడు తడుముకోకుండా "పచ్చ" అన్నాడు. ఆకుపచ్చ బిళ్ళ చూపితే దానికీ "పచ్చ" అన్నాడు. నీలం బిళ్ళ చూపితే "నల్లది" అన్నాడు. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని, "పిల్లవాడికి రంగులు తెలియడం లేదండీ, డాక్టరుకు చూపించండి" అంది.

ఆ రాత్రి మా కోడలు అన్నం ముట్టలేదు. మా అబ్బాయి చేతికందిన వస్తువల్లా వాడి ముందు పెట్టి, "ఇదేం రంగురా? అదేం రంగురా?" అంటూ రెండు రోజులు పరీక్షలు పెట్టాడు. మూడోనాటికి రంగు మాటెత్తితే చాలు, వాడు వాళ్ళమ్మ కొంగు చాటున దాక్కోవడం మొదలుపెట్టాడు.

"కాస్త ఆగరా నాయనా! వాడన్నదాంట్లో తప్పేముంది? రెండూ పచ్చే కదా!" అన్నాను నేను.

ఇలాంటి గాభరా మహామహులకే తప్పలేదు. ప్రకృతి శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్ 1877లో తన పిల్లల గురించి రాస్తూ, మామూలు వస్తువుల పేర్లన్నీ చెప్పగలిగే వయసు వచ్చినా వాళ్ళు రంగుల పేర్లు మాత్రం సరిగా చెప్పలేకపోయేవారనీ, వీళ్ళకు రంగులే కనిపించవేమోనని తాను భయపడ్డాననీ చెప్పుకున్నాడు. ఆ భయం ఉత్తదేనని తరువాత తేలింది. పిల్లల తెలివిని కొలవడానికి 1908లో పరీక్ష తయారుచేసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ బినే, నాలుగు రంగుల పేర్లు చెప్పడాన్ని బడికి పోయే పెద్దపిల్లల ప్రశ్నల్లో చేర్చాడంటే, ఆ రోజుల్లో అదెంత కష్టమని తలచారో చూడండి.

అసలు సంగతేమంటే, కన్ను వేరు, మాట వేరు. నాలుగు నెలల బిడ్డ కూడా ఎరుపుకూ పసుపుపచ్చకూ తేడా కనిపెట్టగలదు. కష్టమంతా పేరు దగ్గరే. బంతినైతే వేలుపెట్టి చూపించవచ్చు. ఎరుపును ఎలా చూపిస్తాం? మందారాన్ని చూపిస్తే అది పువ్వు, చొక్కాను చూపిస్తే అది చొక్కా. ఎరుపు అనేది విడిగా ఎక్కడా దొరకదు. దానికి తోడు ఎర్ర, ఎరుపు, ఎర్రటి, ఎర్రగా అంటూ ఒక్క రంగుకే ఎన్నో వేషాలు. కాస్త చాయగా ఉన్న పిల్లను "ఎర్రగా ఉంది" అంటాం. నల్లనయ్య అని పిలిచే కృష్ణుణ్ణి పటంలో నీలంగా వేస్తాం. మావాడు నీలం బిళ్ళను నల్లదనడానికి కారణం మా పూజగదిలోనే ఉందని నా అనుమానం.

పరీక్షలు మాన్పించి, ఆ ఆదివారం అందరినీ మైపాడు బయలుదేరదీశాను. మా నెల్లూరికి సుమారు 25 కిలోమీటర్లు. దారిలో వరిచేలు, రొయ్యల గుంటలు, ఆపైన సముద్రం. పసిపిల్లలున్నారు కనుక అలల జోలికి పోకుండా ఆటంతా పొడి ఇసుకలోనే పెట్టుకున్నాం.

ఇంటినుంచి ఎరుపు, పసుపుపచ్చ, నీలం రిబ్బను ముక్కలు రెండేసి పట్టుకువెళ్ళాను. ఇది నా సొంత తెలివేమీ కాదు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మనదేశంలోనే ఉండిపోయిన మరియా మాంటిసోరి పద్ధతి ఇది. ఆమె రంగుబిళ్ళల మొదటి పెట్టెలో ఉండేవి ఈ మూడు రంగులే, రంగుకు రెండు చొప్పున ఆరు బిళ్ళలు. ముందు పేర్లతో పనిలేదు, జత కలపడమే ఆట. ముక్కలన్నీ ఇసుకలో కలిపేసి ఒకటి నేను తీస్తే, దాని జోడీ వాడు వెతికి తెచ్చాడు. ఒక్కటీ తప్పలేదు. ఆ నిమిషంలో మా కోడలి ముఖం చూడవలసింది. వాడి కన్నుకు ఏ లోపమూ లేదని అప్పటికి నమ్మకం కుదిరింది.

తరువాత రిబ్బను చేతికిచ్చి, ఒడ్డున లాగిపెట్టిన పడవల్లో ఆ రంగున్న పడవను తాకి రమ్మన్నాం. వాడు నీలం రిబ్బను పట్టుకుని పరుగెత్తి ఒక పడవను తాకగానే, "అవును, ఈ పడవ నీలంగా ఉంది" అన్నాను. మాట కూర్పులో ఒక కిటుకుంది. "నీలం పడవ" అంటే పిల్లల దృష్టి పడవ మీదికే పోతుంది. ముందు పడవను చూపించి, తరువాత "నీలంగా ఉంది" అంటే రంగు మీద నిలుస్తుంది. ఇంగ్లీషు నేర్చే రెండేళ్ళ పిల్లల విషయంలో మైకేల్ రామ్‌స్కర్, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధన కూడా ఇలాంటి వరసే మేలని చెప్పింది.

పక్కనే ఒక పట్టపామె చేపలు ఏరుతోంది. ఆమె కొడుక్కు నాలుగేళ్ళుంటాయేమో, తెల్ల చందువలు ఒక బుట్టలోకి, నల్ల చందువలు ఇంకో బుట్టలోకి చకచకా అందిస్తున్నాడు. వాడికెవరూ బిళ్ళలు చూపి పాఠం చెప్పలేదు. తెల్ల చందువ ధర వేరు, నల్ల చందువ ధర వేరు. ఆ మాటతో ఇంట్లో రోజూ పని పడుతోంది, అందుకే వచ్చింది. మన పిల్లలకూ రంగు మాటతో పని కల్పించాలి. ఆరిన బట్టలు మడతపెట్టేటప్పుడు "నాన్న చొక్కా రంగుది ఇంకోటి తీసుకురా" అనవచ్చు. కూరల బుట్టలోంచి ఎర్రగా ఉన్న టమాటాలన్నీ ఏరించవచ్చు.

ఇక పచ్చ సంగతి. దీనికి మందు మన భాషలోనే ఉంది. పిల్లలతో వట్టి పచ్చ అనకండి. ఒక చేతిలో తమలపాకు, ఇంకో చేతిలో పసుపుకొమ్ము పెట్టి, ఆకులా ఉంటే ఆకుపచ్చ, పసుపులా ఉంటే పసుపుపచ్చ అని చెప్పండి. పేరులోనే పాఠం ఉంది. గులాబి, నారింజ, వంగపండు రంగు, బూడిద రంగు, అన్నీ ఇలా ఇంట్లోనూ పెరట్లోనూ పుట్టిన పేర్లే. ఒక్కసారిగా ఏడు రంగులూ వల్లె వేయించకుండా రెండు మూడింటితో మొదలుపెట్టండి. తప్పు చెబితే "కాదు" అని గద్దించక, సరైన మాట మీరే అనేసి ఆట సాగించండి.

బొమ్మలు కొనేవారు ఏటికొప్పాక లక్కబొమ్మలు చూడండి. అంకుడు కర్రతో చేసి, చెట్ల నుంచి తీసిన రంగులు పూసిన బొమ్మలకు ఆ ఊరు పేరుపొందింది. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎరుపు, నలుపు నేర్పడానికి మాత్రం గురివింద గింజలు ఇవ్వకండి. చూడముచ్చటగా ఉన్నా, అవి నమిలితే విషం.

నాలుగైదేళ్ళు వచ్చినా, పేర్లు సరే, జత కలపడంలోనే ఎరుపునూ ఆకుపచ్చనూ కలగలిపేస్తుంటే కంటి డాక్టరుకు చూపించండి. ఇది పుట్టుకతో వచ్చేది, మగపిల్లల్లో ఎక్కువ. జపాను వైద్యుడు ఇషిహారా 1917లో ప్రచురించిన చుక్కల పటాలతో దీన్ని ఇప్పటికీ పరీక్షిస్తారు. దీనికీ తెలివితేటలకూ సంబంధం లేదు. బడిలో ముందుగా చెప్పి ఉంచితే పిల్లవాడికి చీవాట్లు తప్పుతాయి.

ఈసారి మీ పసివాడు దేన్నయినా చూసి "పచ్చ" అంటే నవ్వకండి, కసరకండి. "ఆకులాగానా, పసుపులాగానా?" అని అడిగి చూడండి.