గడ్డికీ విరామం కావాలి

పశువు కొరికిన గడ్డి మళ్ళీ చిగురించడం అందరూ చూసేదే. మామిడిమొక్కకు ఎదిగే మొగ్గ కొమ్మ చివర ఉంటుంది. గడ్డికి, వెన్నుకాడ లేచేవరకు, అది నేలనంటి దుబ్బులో దాగి ఉంటుంది. అందుచేత పశువు నోటికి ఆకే అందుతుంది. అయితే కొత్త ఆకుకు తొలి పెట్టుబడి దుబ్బులోను వేళ్ళలోను నిలవ ఉన్న ఆహారమే. ఆ ఆకు ఎదిగి లోటు తీర్చకముందే మళ్ళీ మళ్ళీ మేపితే వేళ్ళు కురచబడి, ఎండలకు దుబ్బే చచ్చిపోతుంది. మొదట పోయేది రుచిగల గడ్డే. పశువు దానినే వెదకి తింటుంది గదా! ఆ జాగాలో పశువు ముట్టని కలుపు పెరుగుతుంది.

తమిళనాడులోని కాంగేయం రైతులు మెట్టబీళ్ళను ముళ్ళపొదల కంచెలతో భాగాలు చేసి, ఒకదానిలో మేపుతూ మరొకదానికి విరామమిస్తారు. అక్కడి ముఖ్యమైన గడ్డి సెంక్రస్ సిలియారిస్. అది వానలు తప్పినా ఓర్చుకొంటుంది. బీళ్ళలోని తెల్లతుమ్మ చెట్లు నీడనివ్వడమేగాక, పశువులకు కాయలనూ రాలుస్తాయి. పేరుపొందిన కాంగేయం ఎడ్లు పెరిగినది ఈ బీళ్ళలోనే.