సాక్సనుల కాలపు బాలవీరుల కథలు

క్రిందటి సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలుడొకడు గ్రంథాలయమునుండి తీసికొనిపోయిన రెండు నవలలను తెచ్చి మా మేజాపై నుంచి, “మాస్టారూ, ఈ రెంటిలో నేది నిజమండీ?” అని యడిగెను. ఒకదానియందు సాక్సనులు తమ యిండ్లను, పొలములను, దేవాలయములను కాపాడుకొనుటకై డేనులతో పోరాడు ధర్మవీరులు. రెండవదానియందు ఆ సాక్సనులే పరుల పట్టణములను తగులబెట్టి, అనాథలైన పిల్లలను బానిసలుగా కొనువారు. మొదటిది జి. ఏ. హెంటీ 1886 లో ప్రకటించిన ‘ది డ్రాగన్ అండ్ ది రేవెన్’. రెండవది రోజ్‌మేరీ సట్‌క్లిఫ్ అను రచయిత్రి 1961 లో ప్రకటించిన ‘డాన్ విండ్’. “రెండును నిజమే” యని మేము బదులు చెప్పితిమి. అది బాలునికి తృప్తి నీయలేదు. యథార్థము చెప్పవలెనన్న మాకును ఈయలేదు. ఇంతలో గంట మ్రోగుటచే తప్పించుకొంటిమి. ఆనాటి బాకీని ఈ వ్యాసముతో తీర్ప నెంచినాము.

క్రీస్తుశకము అయిదవ శతాబ్దారంభమున రోమను సైన్యములు బ్రిటను ద్వీపమును విడిచిపోయెను. పిమ్మట నేటి జర్మనీ, డెన్మార్కు తీరములనుండి ఆంగ్లులు, సాక్సనులు, జూటులు అను జాతులవారు ఓడలపై వచ్చి, తూర్పు దక్షిణ భాగముల నాక్రమించి, అచట నుండిన బ్రిటనులను లోబరచుకొనియు, పడమటికి తరుముచును చిన్న చిన్న రాజ్యములు స్థాపించిరి. 597 లో అగస్టీను కెంటు రాజ్యమునకు వచ్చి సువార్త ప్రకటించెను. 793 లో లిండిస్‌ఫార్ను మఠముపై ఓడదొంగలు పడిరి. అది మొదలు డేనుల బాధ హెచ్చెను. 871 లో వెస్సెక్సునకు రాజైన ఆల్ఫ్రెడ్డు 878 లో ఎడింగ్టనువద్ద వారిని గెలిచెను. 1066 లో హేస్టింగ్సు యుద్ధముతో సాక్సను రాజుల యేలుబడి ముగిసెను. ఇది యంతయు ఆరువందల యేండ్లకు మించిన కాలము. సట్‌క్లిఫ్ కథ 577 లో ప్రారంభమగును. హెంటీ కథ ఆల్ఫ్రెడ్డు కాలమున నడచును. నడుమ మూడువందల యేండ్లున్నవి. తాత దోచుకొన్న పొలమును మనుమని మనుమడు తన పితరుల భూమియని నమ్మి, దానికొరకు ప్రాణమిచ్చుటకు మూడువందల యేండ్లు చాలును. బాలునితో మేము మొట్టమొదట చెప్పవలసిన మాట యిది.

ఈ కాలమునే కథకులేల యింతగా కోరుదురు? బాలుడు పెద్దవాడగుట యనునది ఆ దినములలో ఎంత త్వరగా, ఎంత కఠినముగా జరిగెడిదో చూచినచో కారణము తెలియగలదు. వెస్సెక్సు రాజైన ఈని శాసనములయందు పదియేండ్ల బాలుని దొంగతనమునకు తోడ్పడినవానిగా నెంచవచ్చునని యున్నది. ఆల్ఫ్రెడ్డు మనుమడగు అథెల్‌స్టాను రాజు కాలమున పండ్రెండేండ్లు దాటిన దొంగకు మరణదండన విధింపవచ్చును. అయితే, అంత చిన్నవారిని చంపుట క్రూరమని ఆ రాజునకే తోచి, ఎదిరించినను పారిపోయినను తప్ప పదునైదేండ్లకు లోబడినవానిని చంపరాదని మార్చెను. క్నూటు రాజు శాసనము ప్రకారము పండ్రెండేండ్లు నిండిన ప్రతి స్వతంత్రుడును దొంగతనము చేయననియు, దొంగకు తోడ్పడననియు ప్రమాణము చేయవలెను. మన ఆరవ, ఏడవ తరగతుల పిల్లలను వరుసగా నిలువబెట్టి, వారు రాజు నెదుట ప్రమాణము చేయుచున్నట్లు ఊహించుకొనుడు!

చరిత్రయందలి బాలురును అట్టివారే. బీడు అను మహాపండితుని బంధువులు ఏడేండ్ల వయస్సుననే మఠమున నప్పగించిరి. ఆంగ్లజాతి క్రైస్తవసంఘ చరిత్రమును 731 లో ముగించినవాడీయనయే. విల్‌ఫ్రిడ్ సవతితల్లి నిర్దయ సహింపలేక పదునాలుగేండ్ల ప్రాయమున ఇల్లు వెడలి రాణివద్దకు పోయెను, తరువాత బిషప్పయ్యెను. గుథ్‌లాక్ అను యువకుడు చిన్ననాటనే కత్తిబట్టి తొమ్మిదియేండ్లు దోపిడియుద్ధములు చేసి, ఇరువదినాలుగవ యేట విరక్తుడై మఠము చేరెను. జారో మఠమున మహామారి వచ్చి, మఠాధిపతియు ఒక చిన్న బాలుడును తప్ప కీర్తనలు పాడగలవారెవ్వరును మిగులకపోగా, వారిద్దరే ఆరాధన సాగించిరని పాతచరిత్రలో నున్నది. ఆ బాలుడు బీడే యని పలువురు తలంతురు.

ఇక సాహసకథకు బీజమెట్టిదో బీడే చూపినాడు. 679 లో ట్రెంటు నదియొద్ద జరిగిన యుద్ధమున ఇమ్మా అను నార్తంబ్రియా యువకుడు గాయపడి శత్రువులకు చిక్కెను. తాను యోధుడనని చెప్పినచో చంపుదురని భయపడి, తాను పేద రైతుననియు, పెండ్లియైనవాడననియు, సైన్యమునకు తిండి మోసికొనివచ్చితిననియు బొంకెను. కాని అతని ముఖవర్చస్సు, నడత, మాటతీరు చూచి యితడు కులీనుడని వారు గ్రహించిరి. బంధించిన ప్రభువు నిజము చెప్పిన చంపనని మాటయిచ్చి, నిజము తెలిసినపిదప, తన బంధువులు ఆ యుద్ధముననే చచ్చినను మాట తప్పక, అతనిని లండనులో ఒక ఫ్రిజియను వర్తకునికి అమ్మివేసెను. అతనికి వేసిన సంకెళ్లు నిలువక ఊడిపోవుచుండెననియు, చనిపోయినాడనుకొని అతని సోదరుడు ప్రార్థించు వేళలందే అట్లు జరిగెననియు బీడు వ్రాసినాడు. తుదకు ఆ వర్తకుడే విసిగి, విడుదల సొమ్ము తెమ్మని పంపివేసెను. ఇందు యుద్ధము, మారువేషము, మాటతో పట్టుబడుట, శత్రువు సత్యసంధత, బానిసత్వము, విడుదల అన్నియు ఒకే అధ్యాయమున నున్నవి. నవలాకారుడు క్రొత్తగా కల్పింపవలసినదేమున్నది?

హెంటీ దొర (1832-1902) యుద్ధవార్తలు వ్రాసిన విలేఖరి. ఆయన పీఠికలు “ప్రియ బాలురారా” యను సంబోధనతో ప్రారంభమగును. ఆయన కథానాయకుడు ఎడ్మండు ఆల్ఫ్రెడ్డు పక్షమున పోరాడి, ‘డ్రాగన్’ అను ఓడను కట్టించి, డేనులు పారిసును ముట్టడించునప్పుడు అచటికిని పోవును. కథ వేగముగా నడచును. కోటగోడలు, ఓడలు, ఆయుధములు చక్కగా తెలియును. మా లోప మేమనగా, చదివినన్నాళ్లును ఎడ్మండు పొడవు పెరిగినాడే కాని మనస్సు పెరిగినట్లు మాకు కనబడలేదు. మొదటి పుటలో ఎంత ధీరుడో కడపటి పుటలోను అంతే. తప్పు చేయని బాలుడు పెద్దవాడెట్లగును?

మరియొక చిక్కు గలదు. ఇదే హెంటీ 1884 లో ‘విత్ క్లైవ్ ఇన్ ఇండియా’ అను నవల వ్రాసెను. 1759 లో మన మచిలీపట్టణపు కోటను కర్నలు ఫోర్డు పట్టుకొనుట అందు ఒక అధ్యాయము. సముద్రము దాటివచ్చి సాక్సనుల భూమి నాక్రమించు డేనులు దుర్మార్గులు, వారి నెదిరించువారు వీరులు. సముద్రము దాటివచ్చి మన భూమి నాక్రమించినవారు మాత్రము వీరులే! రెండేండ్ల వ్యవధిలో ఒకే కలము ఈ రెండును వ్రాసినది. పుస్తకమును పారవేయుమని మేమనము. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చదువుమందుము.

‘డాన్ విండ్’ మార్గము వేఱు. సాక్సను పురావృత్తము 577 సంవత్సరమునకు చెప్పునది కొన్ని పంక్తులే: డియోర్హముకడ బ్రిటను రాజులు ముగ్గురు చచ్చిరి, గ్లాస్టరు, సైరెన్‌సెస్టరు, బాత్ అను పట్టణములు పట్టుబడెను. ఆ పురావృత్తము ఆల్ఫ్రెడ్డు కాలమున గ్రంథరూపము దాల్చినది. అనగా జరిగిన మూడువందల యేండ్లకు గెలిచినవారి సంతతివారు కూర్చినది. ఓడినవాని నోటిమాట అందులో లేదు. సట్‌క్లిఫ్ ఆ పంక్తుల వెనుకకు పోయి, యుద్ధభూమిపై పీనుగుల నడుమనుండి లేచిన పదునాలుగేండ్ల ఓవెన్ అను బ్రిటను బాలుని మనకు చూపెను. వాని తండ్రియు అన్నయు చచ్చిరి. తోడు ఒక కుక్క. పాడువడిన విరొకోనియము పట్టణమున రెజీనా అను దిక్కులేని బాలిక వానికి తటస్థించును. ఇద్దరును దక్షిణసముద్రము దాటి పోవలెనని బయలుదేరుదురు. త్రోవలో బాలిక జబ్బుపడగా, ఆమెకు ఒక యింట ఆశ్రయము దొరకుటకై ఓవెన్ తన్ను తాను సాక్సనునికి బానిసగా అమ్ముకొనును.

ఈ ఘట్టమును మేము తరగతిలో చదివి వినిపించినప్పుడు ఎన్నడును లేనంత నిశ్శబ్ద మయ్యెను. కత్తి దూయుటగాని కోట దుముకుటగాని ఇందు లేదు. తరువాత సంవత్సరములకొలది దాస్యము. తుదకు స్వతంత్రుడైనను, యుద్ధమున చచ్చుచున్న యజమానుని కోరికపై, వాని కుమారుడు పదునైదేండ్ల వాడగువరకు ఆ శత్రుకుటుంబమును కనిపెట్టి యుండుటకు ఓవెన్ ఒప్పుకొనును. రెజీనా నిరీక్షించుచున్నదో లేదో తెలియదు, అయినను నిలిచిపోవును. ఇక్కడ బాలుడు పురుషుడైనాడని మాకు తోచును. మా సహోపాధ్యాయులొకరు మాత్రము, శత్రువునకిచ్చిన మాటకై బాలికకిచ్చిన మాటను వాయిదావేయుట తప్పనిరి. ఆ వాదమింకను తెగలేదు. సట్‌క్లిఫ్ చిన్ననాటనే కీళ్లజబ్బుచే నడువలేనిదై, జీవితములో పెక్కేండ్లు చక్రముల కుర్చీలో గడపి, 1992 లో మరణించెను. కాళ్లు చాలనివారు దూరప్రయాణముల నెంత బాగుగా వ్రాసిరో!

సి. వాల్టర్ హాడ్జెస్ 1964 లో వ్రాసిన ‘ది నేమ్‌సేక్’ అను నవలను గూర్చి ఒక్కమాట. అందలి నాయకుడు ఆల్ఫ్రెడ్డు రాజు పేరే గల ఒంటికాలి బాలుడు. వాని ఆయుధము కలము. కండబలము లేదని చింతించు పిల్లలకు మేము ఈ పుస్తకమునే మొదట ఇచ్చెదము. బాలికలు తమ కేమున్నదని యడుగుచుందురు. వారి అసంతుష్టి న్యాయమే. ఆల్ఫ్రెడ్డు కుమార్తె ఎథెల్‌ఫ్లెడ్ భర్త మరణించిన 911 మొదలు 918 వరకు మెర్సియా నేలి, దుర్గములు కట్టించి, డేనులనుండి డెర్బీని పట్టుకొన్నది. ఆమెవంటిది చరిత్రలో నుండగా పాత నవలలు బాలికలను కిటికీవద్దనే నిలిపినవి.

కథలో నేది నమ్మదగినదని అడుగువారికి ఒక ఉదాహరణము చాలును. ఆల్ఫ్రెడ్డు అథెల్నీ చిత్తడినేలలలో దాగినపుడు పశులకాపరి భార్య కాల్చుమన్న రొట్టెలను మాడ్చి తిట్లు తినెనను కథ అందరెరుగుదురు. రాజు నెరిగి 893 లో ఆయన చరిత్ర వ్రాసిన ఆసరు ఆ మాట యెత్తలేదు. అది తరువాతివారు వ్రాసిన ఒక భక్తుని చరిత్రలో మొదట కనబడును. కాని ఆయన అథెల్నీలో దాగుటయు, అచటినుండి వచ్చి గెలుచుటయు, ఓడిన గుథ్రమునకు బాప్తిస్మమిప్పించి తానే జ్ఞానపితయై నిలుచుటయు నిజములు. చంపదగిన శత్రువును కుమారునిగా చేకొనుట రొట్టెలకథకంటె వింత గాదా? మఱి, ఆ పురావృత్తపు కొన్ని ప్రతులలో 883 వ సంవత్సరముక్రింద ఆల్ఫ్రెడ్డు హిందూదేశమునకు తోమా భక్తుని పేర కానుక పంపెనని యున్నది. ఒక ప్రతిలో ‘ఇండియా’కు బదులు ‘యూదయ’ యని యుండుటచే పండితులు తగవులాడుదురు.

ఇదంతయు విన్నపిదప, ఆ బాలుడు మొన్న మరల వచ్చెను. “మాస్టారూ, మచిలీపట్టణపు కోట పడిన రాత్రి ఊరిలో పదునాలుగేండ్ల కుఱ్ఱవాడుండియుండడా? వాని కథ ఎవరైన వ్రాసినారా అండీ?” అనెను. బీరువా అరలన్నియు ఇద్దరమును వెదకితిమి. అట్టి పుస్తకము మా గ్రంథాలయమున లేదు.