సోదరత్వమునకు వాకిలి

విశాఖపట్టణమున ఇంగ్లీషు కుంఫిణీవారు వర్తకశాలను నెలకొల్పినది 1682లో. అప్పటికి ఈ తీరమునకు ప్రభువు గోల్కొండ తుది సుల్తాను తానీషా. రామదాసు చరిత్రమువలన ఆయన తెలుగువారికెల్ల పరిచితుడే. ఆ సంవత్సరప్రాంతముననే ఆయన హైదరాబాదులో గోషామహలును గట్టించెను. రేవులందు దిగిన ఆంగ్లేయుల వెంట ఈ దేశమునకు వచ్చినవానిలో ఫ్రీమేసనుల సంఘ మొకటి. తుదకు తానీషా మహలే ఆ సంఘమునకు మందిరమైనది. ఈ కథనుండి మనవారు గ్రహింపదగినది కొంత కలదు.

రాతిపనివారి పూర్వపు శ్రేణుల ఆచారములను, మూలమట్టము మొదలగు పరికరములను చిహ్నములుగా గ్రహించి, నాలుగు లాడ్జీలు 1717లో లండనునందు ఏకమయ్యెను. ఈశ్వరుని నమ్మిన ప్రతి సత్పురుషుడును, ఏ మతస్థుడైనను, సోదరుడే యని వారి సిద్ధాంతము. 1730లో కలకత్తాయందును, 1752లో చెన్నపట్టణమునందును లాడ్జీలు వెలసినవి. సమావేశములు రహస్యములగుటచే హిందూస్థానీ జనులు వాని గృహములను 'జాదూఘర్' అనిరి.

సిద్ధాంతము విశాలమే. వాకిలి మాత్రము ఇరుకు. 1775 ప్రాంతమున ఆర్కాటు నవాబు కుమారుడు ఉమ్దతుల్ ఉమరాను తిరుచిరాపల్లిలో చేర్చుకొనిరి. నవాబు పుత్రునకు దొరకిన ప్రవేశము సామాన్యులకు దొరకలేదు. బొంబాయి పారశీకుడు మానెక్‌జీ కర్సెట్‌జీ తన యూరను నిరాకృతుడై, పారిసు నగరమున సభ్యత్వము పొందవలసివచ్చెను. 1843లో డాక్టరు జేమ్సు బర్న్సు బొంబాయిలో భారతీయులకొఱకు ఒక లాడ్జీని స్థాపించెను. హిందువులకు మాత్రము చిక్కు తీరలేదు. 1863లో కలకత్తావాసి ప్రసన్నకుమార దత్తు దరఖాస్తు చేసికొనగా, హిందువులకు దేవతలు పెక్కండ్రనియు, కులభేదము కలదనియు ఆక్షేపణలు పుట్టెను. ఆయన విడువక తొమ్మిదేండ్లు పోరాడి 1872లో ప్రవేశము సాధించెను.

ఆ 1872లోనే నిజాము ప్రభుత్వము గోషామహలును ఫ్రీమేసనుల కిచ్చెను. అక్కన్న మాదన్నలకు రాజ్యభారము నప్పగించునపుడు తానీషా వారి దేవతలను లెక్కింపలేదు. సర్వమానవ సౌభ్రాత్రమును చాటిన సంఘమునకు ఒక్క హిందువును చేర్చుకొనుటకు తొమ్మిదేండ్లు పట్టినది. పిదప ఆ సంఘము దిద్దుకొన్నదనుటయు న్యాయమే. 1961 నవంబరు 24న భారతదేశపు గ్రాండు లాడ్జీ ఏర్పడి, పాలనము మనవారి చేతికి వచ్చినది.

అయితే పరులను నిందించి ఊరకుండుట మనకు తగదు. దత్తుగారికి అడ్డు చెప్పినవారు చూపిన కారణములలో కుల మొకటి. ఆ కారణమును వారి చేతికిచ్చినది మనమే. ఒక కులమువారికే అన్నము పెట్టు సత్రములను గట్టించి, ధర్మము చేసితిమని శిలాశాసనములు వేయించుకొన్న దాతలు మనలో కొఱతపడలేదు. వారి ఔదార్యము నిజమే. ఆ వాకిట నిలిచి మరలిపోయినవాని ఆకలియు నిజమే.

1933లో రేవు తెఱచినది మొదలు విశాఖకు నానాదేశముల ఓడలు వచ్చినవి. ఓడల కర్మాగారమును, ఉక్కు కర్మాగారమును నానాజాతుల శ్రామికులను రప్పించినవి. ఇట్టి నగరమున సంఘములను, సభాభవనములను స్థాపింపబూనిన పెద్దలకు మా మనవి ఒక్కటే. శంకుస్థాపన ఫలకముపై ఎవరి పేరు చెక్కవలెనో తరువాత విచారింపవచ్చును. లోనికి ఎవరు రావచ్చునో ముందు నిర్ణయింపుడు.