బండి ఎందుకు తటపటాయిస్తుంది?

గుడివాడ నుంచి బందరు వెళ్తోంది ఓ పాత అంబాసిడర్. ముందు ధాన్యం ట్రాక్టరు. దాటేద్దామని యాక్సిలరేటర్ తొక్కితే, బండి దూకాల్సింది పోయి ఒక్క క్షణం నీరసపడుతుంది. ఎందుకు?

గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కు అందించేది కార్బ్యురేటర్. కాలువ వంతెన కింద ఇరుకైతే నీటి ఉరవడి పెరుగుతుంది కదా! ఇక్కడా అంతే. ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి, పీడనం తగ్గి, సన్నని జెట్‌లోంచి పెట్రోలు పైకి వస్తుంది. బరువులో 1 వంతు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 వంతుల గాలి కావాలి. హఠాత్తుగా తొక్కితే తేలికైన గాలి ముందే దూసుకొస్తుంది, పెట్రోలు వెనకబడుతుంది. మిశ్రమం పలచనవుతుంది.

చాలా కార్బ్యురేటర్లలో చిన్న పంపు ఆ క్షణాన కాస్త పెట్రోలు చిమ్ముతుంది. పాత అంబాసిడర్ల ఎస్‌యూ రకంలో మందు వేరు: నూనె! గాలి లాగుడుకు పైకి లేచి గొంతును వెడల్పు చేసే పిస్టన్‌ను పైనున్న నూనె కాసేపు ఆపుతుంది. దారి ఇరుకుగానే ఉండి, పెట్రోలు ఎక్కువ లాగబడుతుంది. మూత విప్పి నూనె చూడరు, జెట్లన్నీ విప్పుతారు కొందరు!

నూనె సరిగా ఉన్నా తటపటాయిస్తుంటే, గాలి ఎక్కడైనా లీకవుతోందేమో చూడాలి. తర్వాత వేడెక్కిన ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా పిస్టన్‌ను రవ్వంత ఎత్తాలి. ఇంజన్ ఆగబోతే మిశ్రమం పలచన, వేగం పెరిగి అలాగే నిలిస్తే చిక్కన. కాస్త పెరిగి సర్దుకుంటే, మిశ్రమాన్ని సరిచేసే జెట్ నట్టును ఇక ముట్టుకోనక్కర్లేదు.