కంప్యూటరుపై దూరదర్శనము

మా యింటికెదుట నివసించు బాలిక యొకతె పోయిన యేడు పదవ తరగతి చదువుచుండెను. బడి విడిచి వచ్చినది మొదలు గేదెకు కుడితి పెట్టుటయు, తమ్ముని కనిపెట్టుకొని యుండుటయు, రాత్రివంటయు నామె పాలు. ఆ యింట సెల్‌ఫోను ఒక్కటే. అది అన్నగారి జేబు విడువదు. టెలివిజనులో గణితపాఠము వచ్చు వేళకు ఆమెకు తీరిక యుండదు. ఆమెకు తీరిక చిక్కు వేళకు పాఠముండదు. ఆ పాఠమును పట్టి యుంచి రాత్రి తొమ్మిది గంటలకు చూపుట యెట్లని మావారు తలపోయుటతో మా ప్రయత్నము ఆరంభమైనది. మూలబడియున్న పాత కంప్యూటరు మా యింట నొకటి కలదు.

సోదరీమణులు ముందుగా నొక సంగతి తెలిసికొనవలయును. 2016లో దూరదర్శనమువారు 16 నగరములలో భూతల డిజిటల్ ప్రసారము ప్రారంభించిరి. అందు చెన్నపురియు బెంగుళూరును గలవు గాని తెలుగు నగర మొక్కటియు లేదు. కావున కామవరపుకోటలో నుండువారము ఆకాశమునే నమ్ముకొనవలసియున్నది. 2004 డిసెంబరులో 33 చానళ్లతో మొదలై, పిమ్మట ఫ్రీ డిష్ అని పేరుమారిన ప్రసారము మనకు దిక్కు. దానికి నెలసరి చందా లేదు. అది జీశాట్-15 అను ఉపగ్రహమునుండి వచ్చును. ఈ ఉపగ్రహము 2015 నవంబరులో పైకెక్కినది. భూమధ్యరేఖకు మీదుగా సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, తూర్పు రేఖాంశము 93.5 డిగ్రీలయొద్ద, మనకు కదలనట్లే కనబడుచుండును.

మా యూరినుండి చూడగా ఆ చోటు ఆగ్నేయమున, ఇంచుమించుగా ద్వారకా తిరుమల వైపున, నేలకు 65 డిగ్రీల యెత్తున నుండును. లెక్క సులువే గాని డిష్షును త్రిప్పుట సులువు కాదు. రెండు ఆదివారములు డాబామీద ఎండలో గడిపితిమి. గిన్నె నిటారుగా నున్నట్లు కనబడుటచే మావారు దానిని పైకి వంచుచునే యుండిరి. అట్టి డిష్షు చూపునకు నిలువుగా నున్నను చాల పైకే చూచునని పిమ్మట తెలిసినది. అదియు సరియైన తరువాత ఒక్క చానలును రాలేదు. నాకు దొరికిన పౌనఃపున్యముల పట్టిక వెనుకటి ఉపగ్రహమునాటిది! క్రొత్తపట్టిక వ్రాసికొన్న సాయంకాలమున సప్తగిరి కనబడినది. మా అత్తగారు హారతి పళ్లెము తెచ్చినంత పని చేసిరి.

డిష్షునుండి వచ్చు తీగ ట్యూనరు అను చిన్న పెట్టెలోనికి పోవును. ఆ పెట్టె యూఎస్‌బీ తీగతో కంప్యూటరునకు తగిలించబడును. కొనునప్పుడు డీవీబీ-ఎస్2 రకమో కాదో, లినక్స్ దానిని గుర్తించునో లేదో అడిగి తెలిసికొనవలెను. ఒక్క పౌనఃపున్యముపై అనేక చానళ్లు కలిసియే వచ్చును. అవి 188 బైట్ల చిన్నచిన్న పొట్లములుగా నుండును. ప్రతి పొట్లముపై నొక సంఖ్య యుండును. పోస్టాఫీసులో ఉత్తరముల సంచి విప్పి వీధివారీగా వేరుచేసినట్లు సాఫ్ట్‌వేరు వానిని వేరుచేసి మనము కోరినదానిని తెరపై పరచును. ఇందొక లాభము గలదు. ఒకే సంచిలో వచ్చు రెండు చానళ్లను ఒకే ట్యూనరుతో ఏకకాలమున పట్టవచ్చును. అత్తగారి భజనయు పిల్లల పాఠమును ఒక్క సంచిలో వచ్చిన దినమున మా యింట తగవు లేదు.

ఆ సాఫ్ట్‌వేరు సంగతి. మేము కొంతకాలము కెఫీన్ అనుదానిని వాడితిమి (పేరు విని కాఫీగింజల వ్యవహారమనుకొంటిని), పిమ్మట టీవీహెడ్‌ఎండ్ అనుదానికి మారితిమి. ఇది వేళ చెప్పియుంచిన పాఠమును తానే పట్టి దాచును, ఇంటిలోని యితర యంత్రములకు పంచును. రెండును వెలలేనివి. అయితే వెల లేకుండుట చిన్న విషయము. పొరుగామె ఆవకాయ జాడీ యిచ్చిన ఒక సంవత్సరము తిందుము. పాళ్లు చెప్పి, మార్చుకొనుమని, నలుగురికి చెప్పుమని యన్న యెడల? ఇట్టి సాఫ్ట్‌వేరుల రచన యెల్లరకు తెరచియుండును. 1991లో లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పుడు ఫిన్లండు దేశమున నొక విద్యార్థి. మీలో ననేకులెరిగిన వీఎల్‌సీ సైతము 1996లో పారిస్ సమీపమున ఎకోల్ సెంట్రాల్ కళాశాల విద్యార్థులు ఉపగ్రహ ప్రసారములను తమ వసతిగృహములలో నందరకు పంచుకొనుటకై మొదలిడినదే. 2001లో కళాశాలవారి యనుమతితో దాని రచనను లోకమునకు విడిచిరి.

పాఠములు ఆకాశమునుండి వచ్చుట మనవారికి క్రొత్త గాదు. 1975 ఆగస్టునుండి ఒక సంవత్సరము అమెరికావారి ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు జరిగినవి. ఆంధ్రప్రదేశ్ అందొకటి, తెలుగు నాలుగు భాషలలో నొకటి. 2020లో బడులు మూసియున్నప్పుడు సప్తగిరియందు పాఠములు వచ్చినవి. అయినను ఆ వేళకు తెర యెదుట కూర్చుండగలిగిన పిల్లకే ఆ పాఠము. మగపిల్లవాడు కూర్చుండును, ఆడపిల్లను నీళ్లకు పంపుదురు. ఈ మాట నేను కోపముతోనే వ్రాయుచున్నాను.

కష్టములు దాచను. చందా కట్టి చూచెడి చానళ్లు తాళము వేయబడి వచ్చును. ఈ సాధనమున అవి తెరచుకొనవు. తాళము పగులగొట్టు ఉపాయములు చెప్పువారును గలరు గాని సంసారులకది తగదు. కంప్యూటరునకు చిన్న సెట్‌టాప్ పెట్టెకన్న విద్యుత్తు ఎక్కువ పట్టును. పాఠములు చెప్పువారిలో కొందరు పుస్తకమును చూచి చదువుటయే బోధనమనుకొందురు. గంట కార్యక్రమము సుమారు ఒక గిగాబైటు ఆక్రమించును గావున వారమున కొకసారి బియ్యము చెరిగినట్లు ఏరి పారవేయవలెను. జోరువాన వచ్చినచో ఈ సూక్ష్మతరంగములు నీటిచుక్కలలో ఇగిరిపోవును. బొమ్మ గళ్లుగళ్లుగా చెదరి నిలిచిపోవును.

ఎదురింటి పిల్ల ఆ యేడంతయు వంట ముగించి తమ్ముని నిద్రపుచ్చి వచ్చెడిది. మొదట సిగ్గుపడి యొక మూల కూర్చుండెను; నెల తిరుగకముందే ఎలుక పట్టుకొని తనకు తెలియని లెక్కయొద్దకు వెనుకకు జరిపి ఒక్కదానినే మూడుమారులు చూడసాగినది. తరగతిలో ఉపాధ్యాయుని మూడవమారు అడుగుటకు భయమట. మావారా మాట విని చాలసేపు మాటలాడలేదు. ఇప్పుడామె ఇంటర్మీడియట్టులో గణితము తీసికొన్నది. తమ్ముని వెంటబెట్టుకొని యప్పుడప్పుడు వచ్చుచునే యున్నది. త్రికోణమితి పాఠములలో మూడవది మాత్రము ఆనాటి గాలివానలో పోయినది. అది మరల వచ్చునేమో యని ప్రతిదినము ఆ వేళకు రికార్డు పెట్టి, కాకున్న తుడిచివేయుచున్నాను.