జర్మనీ దీపములు, మన వంటయిండ్లు

హరిశ్చంద్రపురము, టెక్కలి, పలాస ప్రాంతములలో వయసు మీరిన తల్లి నెవరినైనను "అమ్మా, మీ పెండ్లినాటి ఊరేగింపునకు దీపము లేవి?" యని యడిగినచో, తడుముకొనక "పెట్రోమాక్సు లైట్లు" అని చెప్పును. కూలివాండ్రు వానిని తలలపై నెత్తుకొని పల్లకికి ముందు వెనుకల నడచుచుండిరి. తప్పెటగుళ్లకును, వీధినాటకములకును, హరికథలకును అవియే వెలుగు. కరెంటు రాని పల్లెలలో అంతకు మించిన వైభవము లేదు. అయినను ఆ మాట జర్మనీ దేశమునుండి వచ్చినదనియు, ఒక మనిషి పేరు దానిలో దాగియున్నదనియు మన సోదరీమణులలో చాలమంది యెరుగరు.

బెర్లిను నగరమున ఏరిష్, గ్రేట్జ్ అను వారి దీపముల కర్మాగారముండెడిది. మాక్సు గ్రేట్జ్ దాని యధిపతి. 1910 ప్రాంతమున అచ్చట కిరసనాయిలు ఆవిరితో వెలుగు దీపము సిద్ధమయ్యెను. పెట్రోలియమునకు మాక్సు చేరగా పెట్రోమాక్సు అయ్యెను. దీని పేరెంతగా వ్యాపించెననగా, తరువాత మన దేశముననే వేరు కంపెనీలవారు చేసిన దీపములను సయితము జనులు ఆ పేరుతోనే పిలిచిరి.

ఈ దీపమునకు వత్తి లేదు. అడుగు తొట్టిలో కిరసనాయిలు పోసి పంపుతో గాలి కొట్టినచో నూనె పైకెక్కును. అంతకు ముందే చిన్న గిన్నెలో స్పిరిటు వెలిగించి పైగొట్టమును కాచవలెను. కాగిన గొట్టములో నూనె ఆవిరియై, గాలితో కలసి, మాంటిలను తెల్లని జాలి సంచిలో మండును. వెలుగు నిచ్చునది మంట కాదు, ఆ సంచియే. వియన్నాకు చెందిన ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1885లో దీనిని కనిపెట్టి, 1891 నాటికి బాగుపరచెను. నూలు సంచిని లవణములలో నానవైచి కాల్చినచో నూలు పోయి పెంకు మిగులును. ఆ పెంకులో నూటికి 99 పాళ్లు థోరియము, ఒక పాలు సీరియము. వ్రేలు తగిలినచో పొడియైపోవును. అందుచేతనే దీపమును మోయువానిని కుదుపవద్దని పెద్దలు మాటిమాటికి హెచ్చరించుచుండిరి.

ఇచ్చట ఉద్దానపు సోదరీమణులకు ఆసక్తి కలిగించు విషయ మొకటి కలదు. థోరియము మోనజైటను ఇసుకనుండి వచ్చును. 1909లో షోంబర్గ్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు మలయాళదేశమునుండి తమ దేశమునకు దిగుమతియైన కొబ్బరిపీచునకు అంటియున్న ఇసుకను పరీక్షించి, అందు మోనజైటును గుర్తించెను. ఇసుక యెక్కడిదని వెదకగా తిరువాంకూరు సంస్థానములోని మానవాళకురిచ్చి సముద్రతీరము తేలినది. వెంటనే అక్కడ కర్మాగారము వెలసినది. కొబ్బరిపీచు ఒలిచిన చేతులకు, పెండ్లిపల్లకిపై పడిన వెలుగునకు నడుమ ఇంత చుట్టరికమున్నదని ఎవరనుకొందురు? అట్టి బరువైన ఖనిజపు టిసుకలు మన భావనపాడు, కళింగపట్నము తీరములలోను ఉన్నవి. థోరియము కంటి కగపడని కిరణములను వెలువరించునని తెలిసిన పిమ్మట పలువురు తయారీదారులు దానిని మాని మాంటిళ్లలో ఇట్రియమును వాడసాగిరి.

ఆ ఆవర్ గారే విద్యుద్దీపములకు ఆస్మియము తీగెను కూడ చేసెను. ఆస్మియము, వుల్‌ఫ్రాము అను రెండు లోహముల పేర్లను కలిపిన 'ఆస్రాం' అను గుర్తు 1906లో నమోదైనది. ఆ పేరుగల బుడ్లు మన బజారులలోను అమ్మినవే.

విద్యుత్తు వచ్చుటతో జర్మనీలో క్రొత్త ప్రశ్న పుట్టినది. దీపము ఎట్లుండవలెను? అంతవరకు కరెంటు దీపములకు సయితము ఆకులు, పువ్వులు, లతలు అతికించి పాతకాలపు నూనెదీపముల వేషము వేయుచుండిరి. 1907లో ఏ.ఇ.జి. అను గొప్ప విద్యుత్ కంపెనీ పేటర్ బేరెన్స్ అను చిత్రకారుని సలహాదారుగా నియమించెను. ఆతడు కర్మాగారములలో వ్రేలాడు ఆర్కు దీపముల తొడుగులను నునుపుగా, నిరాడంబరముగా తీర్చెను. యంత్రముపై తయారగు వస్తువు యంత్రమునకు తగిన రూపముననే యుండవలెనని ఆతని మతము.

1919లో వైమారు పట్టణమున వాల్టర్ గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ అను కళాశాల ఈ భావమును మరింత ముందునకు నడిపెను. ఈ పాఠశాల పేరు మన దేశమున మొదటినుండియు తెలియని దేమియు కాదు. 1922 డిసెంబరులో కలకత్తాలో బౌహౌస్ వారి చిత్రముల ప్రదర్శన జరిగినది. కాని అక్కడి లోహశాలనుండి ప్రఖ్యాతమైన దీపము వెలువడుట 1924 మాట. విల్‌హెల్మ్ వాగెన్‌ఫెల్డ్, కార్ల్ యూకర్ అనువారు రూపొందించిన ఆ మేజా దీపమునకు పాలవంటి తెల్లగాజు బోర్లించిన గిన్నె, నిటారైన కాడ, గుండ్రని పీట, మరేమియు లేదు. లైప్‌జిగ్ సంతకు దానిని కొనిపోగా వర్తకులు నవ్విరట. చూచుటకు యంత్రముపై చవుకగా చేసినట్లుండును. వెల అడిగినచో అంతయు చేతిపని గావున మిక్కిలి ప్రియము!

ఆ లోహశాలలో ఒక స్త్రీ పనిచేసెను. మేము ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణము ఆమెయే. మరియానె బ్రాండ్ట్ 1893లో కెమ్నిట్జ్ పట్టణమున జన్మించెను. చిత్రలేఖనము, శిల్పము నేర్చి బౌహౌస్‌లో చేరెను. స్త్రీపురుష భేదము తమకు లేదని గ్రోపియస్ మొదట ప్రకటించియుండెను. తీరా స్త్రీలు విరివిగా రాగా, వారిని నేతశాలకు పంపుట ఆచారమైనది. మగ్గము స్త్రీకి, సుత్తి పురుషునకు! ఆ దేశమున సయితము ఈ మాట వినవలసి వచ్చినందులకు మేము ఆశ్చర్యపడము. మరియానె లోహశాలలో చేరినప్పుడు తోడివిద్యార్థులు సంతోషింపలేదనియు, పెళుసైన లోహమును చిన్నచిన్న గిన్నెలుగా కొట్టు విసుగుపుట్టించు పని తనకు అప్పగించిరనియు ఆమెయే తరువాత చెప్పెను. ఆమె కొట్టెను. 1924లో ఆమె చేసిన చిన్న టీపాత్ర యొకటి 2007లో న్యూయార్కు వేలములో 3,61,000 డాలర్లకు అమ్ముడుపోయినది.

కళాశాల 1925లో డెస్సావునకు తరలినది. అచ్చటి క్రొత్త భవనమునకు కావలసిన దీపములను లోహశాలయే సమకూర్చెను. హాన్స్ ప్రిజిరెంబెల్‌తో కలసి మరియానె చేసిన యొక దీపమును కప్పునుండి కప్పీకి కట్టిరి. ఎదురు బరువు వ్రేలాడుచుండును. పనిచేయువారు దానిని తమ చేతిదగ్గరకు దించుకొనవచ్చును, చాలునన్నప్పుడు పైకి పంపవచ్చును. 1928లో ఆమె లోహశాలకు తాత్కాలికాధిపతియై, లైప్‌జిగ్‌లోని కోర్టింగ్, మాథీసెన్ కంపెనీతో ఒప్పందము కుదుర్చుకొనెను. కాండెం అను పేరుతో ఆ కంపెనీ అమ్మిన పడకదీపమును హిన్ బ్రేడెన్‌డీక్‌తో కలసి రూపొందించెను. దాని పీటపై నొక్కుడు మీట యున్నది. నడిరేయి నిదురమత్తులో తడుముకొను చేతికి అందునట్లు మీటను అమర్చుట చిన్న సంగతివలె తోచును. రాత్రివేళ పసిబిడ్డకొరకు లేచిన తల్లి నడిగినచో అది చిన్నది కాదని చెప్పును.

1929లో ఆమె ఆ శాలను వీడెను. 1932వరకు గోథాలోని ఒక లోహసామాగ్రి కర్మాగారమున పనిచేసెను. 1933లో నాజీల యొత్తిడిచేత బౌహౌస్ మూతపడెను. అటుపిమ్మట చాలకాలము ఆమెకు తగిన ఉద్యోగము దొరకలేదు. యుద్ధానంతరము కొన్నియేండ్లు డ్రెస్డెన్, బెర్లిను నగరములలో బోధించి, 1983లో మరణించెను.

ఇక మన యింటికి వత్తము. పెట్రోమాక్సు వెలుగు వాకిటికి, వేదికకు, ఊరేగింపునకు చెందినది. ఆ పెండ్లికి వంట చేసిన స్త్రీలకు దక్కినదో, కిరసనాయిలు బుడ్డి! దాని పొగ గోడకు పట్టినట్లే వారి రొమ్ములకును పట్టినది. ఊరంతటికి వెలుగు తెచ్చిన దీపము వంటయింటి గడప దాటలేదు. కరెంటు వచ్చిన తరువాతనైన ఆ తీరు మారినదా? వరండాకు అందమైన గ్లోబు, ముందుగదికి వరుసదీపములు. వంటగదిలో నడికప్పున ఒక్క బుడ్డు. గోడవైపు తిరిగి పొయ్యివద్ద నిలిచిన యిల్లాలికి వెలుగు వీపున పడును, ఆమె నీడ ఆమె చేతిమీదనే పడును. కత్తిపీటపై వ్రేలు తెగినచో పరధ్యానమని ఆమెనే మందలింతురు.

మేము చెప్పదలచిన ఉపాయమునకు ఖర్చు స్వల్పము. దీపము తలవెనుక గాక, పొయ్యికిని కత్తిపీటకును ఎదురుగా, కంటికి కొంచెము ఎగువన ఉండవలెను. బుడ్డు కంటికి నేరుగా కనబడకుండ తొడుగుండవలెను. ఇప్పటి తెల్లని ఎల్‌ఇడి బుడ్లకు ఇది మరింత అవసరము. తొడుగు లోపలి వైపు తెలుపైనచో వెలుగు వృథాపోదు. పెద్ద బుడ్డొకటి నడుమ వ్రేలాడుటకంటె చిన్నవి రెండు తగుచోట నుండుట మేలు.

పలాస, కాశీబుగ్గలలోని జీడిపప్పు కర్మాగారములలో పొట్టు ఒలిచి, గుండును బద్దను వేరుచేయువారు ఎక్కువగా స్త్రీలే. తెల్లనిదానిని, మరకపడినదానిని కంటితోనే ఏరవలెను. ఆ బల్లలపై దీపము ఎంత యెత్తున, ఏ దిక్కున నున్నదో యజమానులు ఒకసారి కూర్చుండి చూడవలసినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసవద్ద తీరము దాటి వేలకొలది స్తంభములను కూల్చినపుడు, ఉద్దానపు ఊళ్లు ఎన్నో దినములు చీకటిలో గడపినవి. కరెంటు తిరిగివచ్చిన ఇండ్లలో బుడ్లు మరల పాతచోటనే, నడికప్పుననే వెలిగినవి.