శిశువుల కరోనరీ ధమనుల జన్మలోపాలు: ఎకో పరీక్షలో మూలస్థానం, ప్రవాహదిశ

వ్యాససంగ్రహం:
పుట్టుకతో వచ్చే గుండెజబ్బు అనగానే ‘గుండెకు రంధ్రం’ అనే మాటే వ్యవహారంలో స్థిరపడింది. రంధ్రమేదీ లేకుండానే శిశువు ప్రాణానికి ముప్పు తెచ్చే కరోనరీ ధమనీ లోపాలు ఈ మాటలో ఇమడవు. ఎకో పరీక్షలో వీటిని గుర్తించడానికి ధమని కనబడటం మాత్రమే చాలదని, అందులో రక్తం ఏ దిశలో ప్రవహిస్తున్నదో నిర్ధారించడం అవసరమని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కరోనరీ ధమని, ఎకో, డాప్లర్, అలకాపా, ప్రవాహదిశ, ఫలక్‌నుమా.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు పాతబస్తీలోని ఫలక్‌నుమా ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే ప్రాంతం. పుట్టుకతో వచ్చే గుండెజబ్బును తెలుగులో ‘గుండెకు రంధ్రం’ అంటే, ఉర్దూలో ‘దిల్ మే సురాఖ్’ అంటారు. రెండు భాషలూ ఒకే జబ్బుకు పేరుపెట్టి, మిగిలినవాటిని అనామకంగా వదిలేశాయి. నగరంలో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థలున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే గుండెజబ్బులను కూడా తన పరిధిలోకి తీసుకున్నది. అయినా ‘రంధ్రం లేదు’ అన్న ఒక్క మాటతో కుటుంబం నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోయే అవకాశం ఉన్నది. కరోనరీ లోపాల విషయంలో ఆ నిశ్చింత ప్రమాదకరం.

2. లోప స్వభావం:
గుండె కండరానికి రక్తం అందించేవి కరోనరీ ధమనులు. కుడి, ఎడమ ధమనులు రెండూ బృహద్ధమని మూలం నుంచి బయలుదేరాలి. ఎడమ ధమని పుపుస ధమని నుంచి పుట్టడమే ‘అలకాపా’. సుమారు 3 లక్షల జననాలలో ఒకరికి ఈ లోపం ఉంటుందని అంచనా. 1933లో బ్లాండ్, వైట్, గార్లాండ్ అనే అమెరికా వైద్యులు దీన్ని వివరించడంతో వారి పేర్లతోనూ ఇది ప్రసిద్ధమైంది.

గర్భస్థ శిశువులో రెండు మహానాళాలలోనూ పీడనం దాదాపు సమానం కనుక ఇబ్బంది కలగదు. పుట్టిన కొన్ని వారాలలో పుపుస ధమనిలో పీడనం తగ్గుతుంది. అప్పుడు కుడి ధమని నుంచి వచ్చిన రక్తం అనుసంధాన నాళాల ద్వారా ఎడమ ధమనిలోకి చేరి, కండరాన్ని పోషించకుండానే పుపుస ధమనిలోకి జారిపోతుంది. ఎడమ జఠరిక ఉబ్బి బలహీనపడుతుంది. పాలు తాగేటప్పుడు శిశువు చెమటలు కక్కడం, ఆయాసపడటం, గుక్కపట్టి ఏడవడం వంటి లక్షణాలు కనబడతాయి. వీటిని కడుపునొప్పిగా పొరబడటం సులభం. ఒంటి రంగు నీలంగా మారదు కనుక, రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని కొలిచే పరీక్షకు ఈ లోపం చిక్కదు.

3. ఎకోలో నిర్ధారణ:
అతిధ్వని తరంగాలతో గుండెను చూసే పద్ధతికి 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ నాంది పలికారు. నేడు జనవ్యవహారంలో దీని పేరు ‘టూడీ ఎకో’. ఈ పేరు ద్విపరిమాణ చిత్రాన్ని మాత్రమే సూచిస్తుంది. అలకాపా విషయంలో ఆ చిత్రమే మోసం చేయగలదు. బృహద్ధమని పక్కనున్న హృదయావరణపు మడత ఒక్కోసారి ధమనీమూలంలా భ్రమ గొలుపుతుంది. అందువల్ల ఎడమ ధమని సరైన చోటనే పుట్టిందని వైద్యుడు పొరబడవచ్చు.

ఈ భ్రమను తొలగించేది రంగుల డాప్లర్. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఎరుపు మంచి రక్తానికి, నీలం చెడు రక్తానికి గుర్తు. డాప్లర్‌లో అలా కాదు. సాధారణ అమరికలో ప్రోబ్ వైపు వచ్చే ప్రవాహం ఎరుపు, దూరంగా పోయేది నీలం. ఛాతీ ముందునుంచి గుండెను అడ్డుకోతగా చూసినప్పుడు ఎడమ ధమని ముందుశాఖలో ప్రవాహం మామూలుగా ఎరుపుగా కనబడాలి. అది నీలంగా ఉంటే రక్తం వెనుదిరిగి పోతున్నదని అర్థం. కరోనరీ ప్రవాహ వేగం తక్కువ కనుక యంత్రంలో వేగపు కొలమానాన్ని తగ్గించి చూడాలి, లేకపోతే ప్రవాహం అసలు కనబడకపోవచ్చు.

పరోక్ష సాక్ష్యాలూ ఉన్నాయి. అదనపు భారం మోసే కుడి ధమని వెడల్పవుతుంది. రక్తం అందని కండర స్తంభాలు తెల్లగా మెరుస్తాయి. ఎడమ కర్ణికా జఠరికల మధ్య కవాటం నుంచి రక్తం వెనక్కి కారుతుంది. ఈసీజీలో లోతైన క్యూ తరంగాలు అనుమానాన్ని బలపరుస్తాయి.

4. ఇతర లోపాలు:
కొందరిలో ధమని బృహద్ధమని నుంచే పుట్టినా, పక్క గది నుంచి బయలుదేరి రెండు మహానాళాల మధ్యగా సాగుతుంది. ఆ బాలుడు విశ్రాంతిలో ఆరోగ్యవంతుడే, ఈసీజీ కూడా సవ్యంగా ఉండవచ్చు. కానీ ఆటల్లో ఛాతీనొప్పితో ఆగిపోతే, స్పృహతప్పితే ధమనుల మూలాలను వెతకవలసిందే. కరోనరీ ధమని నేరుగా గుండె గదిలోకి తెరుచుకునే లోపంలో ఆ ధమని అసాధారణంగా ఉబ్బి కనబడుతుంది. సందేహం మిగిలితే సీటీ యాంజియోగ్రఫీ తోడ్పడుతుంది.

5. ముగింపు:
‘గుండె కండరం బలహీనం’ అనేది అలకాపా శిశువు విషయంలో జబ్బు పేరు కాదు, దాని ఫలితం మాత్రమే. ఆ పేరుతోనే మందులకు పరిమితమైతే సరిదిద్దగల లోపం ప్రాణాంతకమవుతుంది. శస్త్రచికిత్సతో ఎడమ ధమనిని బృహద్ధమనికి కలిపితే కండరం చాలామందిలో క్రమంగా కోలుకుంటుంది. కాబట్టి గుండె ఉబ్బిన ప్రతి శిశువు ఎకో నివేదికలోనూ రెండు కరోనరీల మూలస్థానం, ప్రవాహదిశ స్పష్టంగా నమోదు కావాలి. తెలుగులోనూ ఉర్దూలోనూ ‘రంధ్రం ఉందా?’ అనే ప్రశ్నకు తోడుగా ‘గుండెకు రక్తమిచ్చే నాళాలు సరైన చోటునుంచే పుట్టాయా?’ అనే ప్రశ్న ప్రచారంలోకి రావాలి. ఆరోగ్య సమాచారాన్ని ప్రజల భాషలోకి తెచ్చేవారి బాధ్యత ఇక్కడే మొదలవుతుంది.